ఇటుకల ఆటలో ఇమిడిన కిటుకులు

2024 జనవరి మొదటి వారంలో అమెరికా నుండి వెలువడిన ఒక చిన్న వార్త మన పత్రికలలో వింతలూ విశేషాల మూలకు చేరి, మరునాటికే మరుగున పడిపోయింది. ఓక్లహోమా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్ పట్టణానికి చెందిన విల్లిస్ గిబ్సన్ అనే పదమూడేళ్ళ బాలుడు 2023 డిసెంబరు 21న టెట్రిస్ ఆటను సుమారు 38 నిమిషాల పాటు ఎడతెగకుండా ఆడి, 157వ అంచెలో ఆ ఆటనే స్తంభింపజేశాడన్నది ఆ వార్త సారాంశం. నింటెండో సంస్థ తన ఇంటి యంత్రం కోసం 1989లో విడుదల చేసిన ఆట అది. ముప్పై నాలుగేళ్ళుగా ఏ మనిషీ చేరని చోటికి ఒక బాలుడు ఎలా చేరుకున్నాడు? అసాధారణ ప్రతిభావంతుడు కనుక చేరుకున్నాడని సరిపెట్టుకోవచ్చు. ప్రతిభను కాదనలేము గాని, దాని వెనుక కథ చాలా పెద్దది. అతనికి ముందు ఆడినవారు ఆటలో దాగిన కిటుకులను ఒక్కొక్కటిగా వెలికితీసి, దాచుకోకుండా పదిమందికీ పంచిపెట్టకపోయి ఉంటే ఆ బాలుడు 29వ అంచె వద్దనే ఆగిపోయి ఉండేవాడు.

బొటనవ్రేళ్ళ కింద సెల్‌ఫోను తప్ప మరొకటి కనిపించని పిల్లలున్న ఇళ్ళలో ఈ విషయం ఒక పూట చర్చకు తగినదని మా భావన.

టెట్రిస్ అన్న పేరు తెలియనివారికి కూడా ఆ ఆట తెలిసే ఉంటుంది. గత శతాబ్దపు చివరి దశకంలోనూ, ఆ తరువాతా జాతరలలో, తిరునాళ్ళలో, సంతలలో బ్రిక్ గేమ్ అనే పేరుతో అరచేతిలో ఇమిడే బొమ్మ ఒకటి అమ్మేవారు. బూడిదరంగు తెర, పసుపుపచ్చని బటన్లు, పెట్టెపై 9999 ఆటలున్నాయన్న గొప్ప. విప్పి చూస్తే ప్రధానంగా ఉన్నది ఒకే ఆట. పై నుండి ఇటుకల వంటి ముక్కలు జారుతాయి. వాటిని త్రిప్పి, ప్రక్కలకు జరిపి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరుస నిండితే అది మాయమవుతుంది. నిండకపోతే గోడ పెరిగి పైకప్పును తాకుతుంది. బళ్ళారిలో కొన్నా, బరంపురంలో కొన్నా, హోసూరులో కొన్నా అదే బొమ్మ, అదే ఆట. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివే మన పిల్లలకు అందులో అడ్డుపడే అక్షరం ఒక్కటీ లేదు. అది ఆ ఆట చేసిన మేలు.

దానిని సృష్టించినవాడు అలెక్సీ పజిత్నోవ్. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ గణన కేంద్రంలో పనిచేస్తూ, ఎలెక్ట్రానికా 60 అనే యంత్రంపై దీనిని రూపొందించాడు. ఆ యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు గనుక కుండలీకరణ చిహ్నాలనే ఇటుకలుగా వాడుకున్నాడు. నాలుగేసి గడులతో ఏర్పడే ఏడు ఆకారాలు, అంతే. దానిని మామూలు కంప్యూటర్లకు అనువుగా మార్చడంలో తోడ్పడిన వదీమ్ గెరాసిమోవ్ అప్పటికి పదహారేళ్ళ విద్యార్థి. ఆ పైన ప్రతి నుండి ప్రతి ఎత్తుకుంటూ, చేతి నుండి చేతికి మారుతూ ఆట మాస్కో దాటి హంగేరీ మీదుగా పడమటి దేశాలకు ప్రాకింది. హక్కులు సోవియట్ ప్రభుత్వానివి కావడంతో సృష్టికర్తకు 1996 వరకు రాయల్టీ అందలేదన్నది వేరొక విషాదం.

ఇక అసలు చిక్కుకు వద్దాము. నింటెండో ఆటలో బావి వంటి క్షేత్రం వెడల్పు 10 గడులు, ఎత్తు 20 గడులు. పది వరుసలు చెరిపినపుడల్లా అంచె మారి ముక్కలు జారే వేగం హెచ్చుతుంది. తెర సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంది. తొమ్మిదవ అంచెలో ముక్క ఒక్కొక్క గడి దిగడానికి ఆరు మార్పుల కాలం పడుతుంది, 19లో రెండు, 29లో ఒకటే. అనగా 29వ అంచెలో ముక్క పైకప్పు నుండి నేలకు చేరడానికి పట్టే కాలం సెకనులో మూడవ వంతు. ఆ లోపల దానిని అంచు దాకా జరపాలి. ప్రక్కకు జరిపే బటన్‌ను అదిమిపట్టి ఉంచితే ముక్క మొదట ఒక గడి జరిగి, కొంత తడవు ఆగి, ఆ పైన సెకనుకు పది గడుల చొప్పున కదులుతుంది. సెకనులో మూడవ వంతులో ఆ లెక్కన కదిలేది మూడు నాలుగు గడులే. గోడ కొంచెం పెరిగితే ముక్క అంచుకు చేరనే చేరదు. అందుచేత 29వ అంచెను అందరూ ఆటకు చావు తెర అని వ్యవహరించారు. ఆట అక్కడితో సమాప్తమని ఇరవై ఏళ్ళకు పైగా నమ్మినవారిలో ఆరితేరిన ఆటగాళ్ళూ ఉన్నారు.

ఆ నమ్మకంలో ఒక పొరపాటు ఉంది. బటన్‌ను అదిమిపట్టాలని ఆట ఎక్కడా శాసించలేదు. అదిమిపట్టే బదులు మాటిమాటికీ తడితే, తట్టిన ప్రతిసారీ ముక్క ఒక గడి కదులుతుంది. సెకనుకు పదిసార్లకు మించి తట్టగలిగితే ఆట ఇచ్చిన వేగాన్ని ఆటగాడు మించిపోవచ్చు. 1990లో నింటెండో పోటీలో నెగ్గిన థోర్ ఆకర్‌లండ్ అనే ఆటగాడు బొటనవ్రేలిని కంపింపజేస్తూ ఈ విధంగానే ఆడేవాడు. 2011లో 30వ అంచెను చేరి చూపించాడు. హైపర్‌ట్యాపింగ్ అని దానికి పేరు. అయినా ఆ విద్య చాలాకాలం అతి కొద్దిమందికే పరిమితమై ఉండిపోయింది. చూసినవారు అది అతని చేతికి అబ్బిన వరమనుకున్నారే గాని, తామూ సాధన చేయదగినదని అనుకోలేదు. కిటుకు కళ్ళెదుటే ఉన్నా దాగి ఉండగలదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఈ లోగా 2010లో ప్రాచీన టెట్రిస్ ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. పాత యంత్రాలు, బరువైన పాత గాజు బుడ్డి టీవీలు, ఒక చిన్న వేదిక. తొలి ఎనిమిది పోటీలలో ఏడింటిలో జోనస్ న్యూబావర్ అనే ఆయన విజేత. ఆయన బటన్‌ను అదిమిపట్టి ఆడే పాత సంప్రదాయానికి తిరుగులేని గురువు. 2016 నాటి తుదిపోటీ దృశ్యం యూట్యూబులో విపరీతంగా వ్యాపించడంతో, ఆ ఆట విడుదలైనపుడు పుట్టనైనా పుట్టని పిల్లలు దానిపై మోజుపడ్డారు. పాత ఆటగాళ్ళు మూడు దశాబ్దాలలో కూడబెట్టుకున్నదంతా వారికి తెరపై ఉచితంగా దొరికింది. కుడి అంచున ఒక వరుస ఖాళీగా వదిలి నాలుగు గడుల పొడవు కడ్డీ కోసం నిరీక్షించడం ఎందుకు లాభసాటి, కడ్డీ రాక కరువు ఏర్పడినపుడు గోడను ఎలా కాపాడుకోవాలి, క్రిందికి దిగుతున్న ముక్కను చివరి క్షణంలో ప్రక్క సందులోకి ఎలా దూర్చాలి వంటివన్నీ ఆటతోపాటు వచ్చే కరపత్రంలో ఉండవు. ఆడి ఓడినవారు చెబితేనే తెలుస్తాయి.

ఆ విధంగా నేర్చిన పదహారేళ్ళ జోసెఫ్ సేలీ 2018 తుదిపోటీలో న్యూబావర్‌ను 3-0తో ఓడించాడు. సేలీ ఆడింది ఆకర్‌లండ్ మార్గంలో, అనగా తట్టుడు పద్ధతిలో. ఏడుసార్లు కిరీటం ధరించిన పెద్దాయన ఆ పూట ఏమి చేసి ఉండవచ్చునో ఊహించండి. ఇది ఆట కాదు, వ్రేళ్ళ వ్యాయామమని ఈసడించవచ్చు. నిబంధనలు మార్చమని పట్టుబట్టవచ్చు. మన ఊళ్ళలో ఏ పోటీలోనైనా, కోడెద్దుల పందెం మొదలు కబడ్డీ వరకు, ఓడిన పెద్దమనిషి చుట్టూ చేరే నలుగురు ఆయన చేత సరిగ్గా ఆ మాటలే అనిపిస్తారు. న్యూబావర్ ఆ దారి పట్టలేదు. కుర్రవాడిని ఆలింగనం చేసుకున్నారు. తరువాత కూడా ప్రేక్షకుల ఎదుట ఆడుతూ, కొత్తవారికి పాఠాలు చెబుతూ గడిపారు. 2021 జనవరిలో, 39 ఏళ్ళ వయస్సులో ఆయన హఠాత్తుగా మరణించారు. ఆ పోటీలో విజేతకు అందించే బహుమానం ఇప్పుడు ఆయన స్మారకమే.

ఆయన పోవడానికి కొద్ది నెలల ముందే ఆటలో మరొక విప్లవం మొదలైంది. క్రిస్టఫర్ మార్టినెజ్ అనే ఆటగాడు 2020 చివరలో కంట్రోలర్‌ను పట్టుకునే తీరునే మార్చివేశాడు. ఒక చేతి బొటనవ్రేలిని దిశల బటన్ పై తేలికగా ఆనించి ఉంచాలి. రెండవ చేతి వ్రేళ్ళను, ఘటం వాయించే విద్వాంసుని వలె, కంట్రోలర్ వీపుపై వరుసగా ఆడించాలి. వీపున పడిన ప్రతి దెబ్బకూ బటనే వచ్చి బొటనవ్రేలిని తాకుతుంది. వ్రేలు బటన్‌ను నొక్కడం పోయి, బటన్ వ్రేలిని నొక్కడం వచ్చింది! ఈ పద్ధతికి రోలింగ్ అని పేరు. దీనితో సెకనుకు ఇరవై తట్లు సాధ్యమయ్యాయి. పైగా కండరానికి అలసట తక్కువ. ఇది కూడా శూన్యం నుండి పుట్టినది కాదు. హెక్టర్ రోడ్రిగెజ్ అనే ఆటగాడు వేరొక రకపు యంత్రాలపై బటన్లు నొక్కడానికి వాడిన ఒడుపును చూసి మార్టినెజ్ దీనికి అన్వయించాడు. మూడేళ్ళు తిరిగేసరికి అగ్రశ్రేణి ఆటగాళ్ళంతా ఈ దారికే వచ్చారు. గిబ్సన్ కూడా ఈ పద్ధతిలోనే ఆడాడు.

ఇక్కడ సర్దుబాటు అనే మాటకు అర్థం ఏమిటో గమనించాలి. పాత పద్ధతిలో పదేళ్ళు సాధన చేసినవాని వ్రేళ్ళు ఒక అలవాటుకు గట్టిపడి ఉంటాయి. కొత్త పద్ధతికి మారిన మొదటి రోజులలో అతడు తన పాత స్థాయికి చాలా దిగువకు పడిపోతాడు, నిన్న తాను నేర్పిన పిల్లవానికంటె దిగువకు. ఆ కాలాన్ని ఓర్చుకునే గుండె చాలామందికి ఉండదు. మైకేల్ ఆర్టియాగా అనే బాలుడు 2020లో పదమూడేళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు, అదీ తుదిపోటీలో సొంత అన్నపై 3-2 తేడాతో. తట్టుడు పద్ధతితో 2021లోనూ నెగ్గాడు. నెగ్గిన పద్ధతిని వదలవలసిన అవసరం ఎవరికి తోస్తుంది? అయినా వదిలి రోలింగ్ నేర్చుకున్నాడు. దాని ఫలితం ఏమిటో ముందు ముందు చూద్దాము.

మారనివారినీ ఆ సమాజం బయటికి నెట్టలేదు. అదిమిపట్టే పద్ధతి వారికే ప్రత్యేకంగా పోటీలు ఏర్పడ్డాయి. యంత్రమే దానంతట అది పదేపదే తట్టే టర్బో బటన్లను మాత్రం నిషేధించారు. చేతులు కనిపించేలా రెండవ కెమెరా పెట్టుకుని ఆడడం ఆనవాయితీ అయింది. చేతులు చూపడం మోసాన్ని నివారించడానికే గాని, దానివల్ల కలిగిన మరొక మేలు ఉంది. చూసినవాడు కిటుకును కంటితో పట్టుకుంటాడు. ఆంగ్లం రాని బాలుడికైనా చేతుల కదలికకు అనువాదం అక్కరలేదు. రోలింగ్ వచ్చిన తరువాత 29వ అంచె అడ్డుగోడ కాకుండా పోయి, పోటీలలో ఆటలు తెమలడం లేదు. అప్పుడు నిర్వాహకులు 39వ అంచె నుండి వేగం రెట్టింపయ్యేలా పోటీ ప్రతిని సవరించుకున్నారు. కొత్త కిటుకును నిషేధించడానికి బదులు ఆటనే మరింత కఠినం చేశారన్నమాట. మా దృష్టిలో ఈ మొత్తం కథలో అత్యంత వివేకవంతమైన నిర్ణయం ఇదే.

29 దాటినాక ఆ పైన ఏముందో తయారీదారులకే తెలియదు. అంత దూరం ఎవరైనా వస్తారని వారు ఊహించలేదు. 2021లో ఒక కంప్యూటర్ ప్రోగ్రాము చేత ఆటను ఆడించి చూడగా, 138వ అంచె నుండి ఇటుకల రంగులు గతి తప్పుతున్నాయని తేలింది. రంగుల పట్టిక అయిపోయాక ఆట దాని ప్రక్కనున్న సంబంధం లేని అంకెలను రంగులుగా చదువుకుంటోంది. వాటిలో 146, 148 అంచెలు మరీ దారుణం. నల్లని తెరపై దాదాపు నల్లని ఇటుకలు. ఆటగాళ్ళు మొదటి దానికి సంధ్యాసమయమనీ, రెండవదానికి బొగ్గు అనీ అర్థం వచ్చే ముద్దుపేర్లు పెట్టుకున్నారు. చీకటిగదిలో వడ్లు ఏరినట్లుండే ఆ అంచెలను నేరుగా సాధన చేయడానికి వీలుగా కొందరు ఔత్సాహికులు అభ్యాస ప్రతిని తయారుచేసి ఉచితంగా పంచారు.

మరికొందరు ఆట అంతర్భాగాన్ని విప్పి చదివారు. అంచె పెరిగే కొద్దీ మార్కులు కూడడానికి యంత్రానికి పట్టే సమయం పెరుగుతూ, 155వ అంచె మొదలు కొన్ని సందర్భాలలో తెర మారే లోపల ఆ లెక్క పూర్తికాదు. లెక్క తెమలకపోతే ఆట గడ్డకడుతుంది. ఏ అంచెలో, ఎన్ని వరుసలు ఒకేసారి చెరిపితే ఆ ప్రమాదం కలుగుతుందో పట్టికలు తయారయ్యాయి. కనుక 2023 డిసెంబరులో ఆ బాలుడు గుడ్డిగా అక్కడికి చేరలేదు. ముందు నడిచినవారు గీసి ఇచ్చిన పటం అతనికి తెలుసు. పటం చేతిలో ఉన్నా నడవవలసిన కాళ్ళు అతనివే గనుక ఘనత తగ్గదు. కొద్ది రోజుల క్రితమే తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడు తన విజయాన్ని తండ్రికే అంకితం చేశాడు.

ఆ సందర్భంలో ఒక బ్రిటిష్ వార్తా ఛానెల్ వ్యాఖ్యాత, తానూ ఒక తల్లిగా చెబుతున్నానంటూ, తెర ముందు నుండి లేచి బయటి గాలి పీల్చుకొమ్మనీ, టెట్రిస్‌ను గెలవడం జీవిత లక్ష్యం కాదనీ ఆ బాలునికి హితవు పలికారు. ఆమెపై విమర్శలు వెల్లువెత్తాయి. నిజం చెప్పాలంటే, ఆ మాట మన ఇళ్ళలో రోజుకు పదిసార్లు వినిపించేదే. అందులో తప్పేమిటని అడిగే తల్లిదండ్రుల ఆవేదన మాకు అర్థమవుతుంది. పరీక్షలు దగ్గర పడినా ఫోను వదలని పిల్లవాడిని చూసి కడుపు మండని తల్లి ఉండదు. కాని ఆ హితవులో ఒక లోపం ఉంది. తెరపై ఆడేవన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు. ఎంతసేపు ఆడుతున్నాడన్న ప్రశ్నతో పాటు, ఆ ఆటలోని కిటుకు ఎవరి గుప్పెట్లో ఉందన్న ప్రశ్న కూడా వేయాలి.

మన వామనగుంటలనే తీసుకోండి. కన్నడ ఇరుగుపొరుగు అళుగుళిమణె అంటారు, తమిళులు పల్లాంగుళి అంటారు. ఏ గుంట నుండి గింజలు తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో నాయనమ్మ కంటితోనే లెక్కవేస్తుంది. అడిగితే చెప్పదు. ఆడుతూ ఉండు, అదే వస్తుందంటుంది. నాలుగు మధ్యాహ్నాలు ఓడిన తరువాత మనుమరాలికి ఆ లెక్క పట్టుబడుతుంది. ఐదవ మధ్యాహ్నం నాయనమ్మ ఓడిపోతుంది, ఓడి మురిసిపోతుంది. ఆ కిటుకు గుంటల పలకలో ఉంది, ఇద్దరికీ సమానంగా ఉంది. టెట్రిస్ ఈ జాతికి చెందినది. ముప్పై ఏళ్ళనాటి ప్రతిలో ఏ అక్షరమూ మారదు గనుక, నేర్చుకున్నది రేపు వ్యర్థం కాదు.

ఫోనులో ఉచితంగా దిగే పజిల్ ఆటలు చాలా వరకు వేరొక జాతి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా వంటి వాటిలో ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కొక్క ప్రాణానికి అరగంట వేచి ఉండాలి, లేదా రూపాయలు చెల్లించాలి. మిఠాయి బిళ్ళలు తదుపరి ఏ వరుసలో రాలతాయో నిర్ణయించేది, ఏ అంచె ఎంత కష్టంగా ఉండాలో మార్చగలిగేది సంస్థే. అక్కడ కూడా ఆటగాళ్ళు ఒకరికొకరు చిట్కాలు చెప్పుకుంటారు. కాని అసలు కీలు వారికి అందదు. ఆడేవాని ఓపిక ఎప్పుడు నశిస్తుందో తెలుసుకోవడమే అక్కడి పెద్ద కిటుకు. అది ఆటగాని చేతిలో లేదు.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటి వాటి సంగతి చెప్పనక్కరలేదు. ఈ విషయంలో సరిహద్దువాసులమైన మనకు తెలిసినంతగా రాజధానులలో ఉన్నవారికి తెలియదు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ ధనక్రీడలను నిషేధించాయి. కర్ణాటక 2021లో చేసిన నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేసింది. తమిళనాడు 2022 నాటి చట్టాన్ని మద్రాసు హైకోర్టు 2023 నవంబరులో సమర్థిస్తూనే, రమ్మీ, పోకర్ నైపుణ్య క్రీడలని చెప్పి వాటిని నిషేధం నుండి తప్పించింది. ఫలితంగా పొలిమేర రాయికి ఇవతల తెరుచుకోని ఆట అవతల తెరుచుకునేది. ఆడేవాడు అడ్డదారిలో నాలుగు కిలోమీటర్లు బండి నడిపి, ఫోను తెరిచేవాడు. నైపుణ్యమని పేరు పెట్టినంత మాత్రాన నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకే వైపు ఉన్నట్లు కాదు. ఎదుటి బల్లపై కూర్చున్నవాని పోగొట్టుకున్న సొమ్మే మన గెలుపు అయినచోట ఎవడు ఎవడికి కిటుకు చెబుతాడు? 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ధనక్రీడలను దేశమంతటికీ ఒకే నిషేధం క్రిందికి తెస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుండి విడదీసి ప్రోత్సహించదగిన వర్గంలో చేర్చింది. ఆ విభజన సూత్రప్రాయంగా సరైనదే. అయితే ఏది ఏ వర్గంలోకి వస్తుందో ఇంట్లో తేల్చుకోవలసిన పని ఏ చట్టమూ తల్లిదండ్రులకు తప్పించలేదు.

అలాగని టెట్రిస్ సమాజాన్ని తపోవనంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. రికార్డుల తగవులు అక్కడా ఉన్నాయి. పాత పద్ధతి వారిలో కొత్త పద్ధతిపై గొణుగుడు పూర్తిగా చల్లారలేదు. బడి మానివేసి వ్రేళ్ళు అరగదీసుకొమ్మని ఏ పిల్లవానికీ చెప్పలేము; ఆ పోటీలలో జీవనోపాధి దొరికినవారు వ్రేళ్ళపై లెక్కించదగినంతమంది. పల్లెలో ఉన్న పిల్లవానికి అసలు యంత్రమూ పాత టీవీ దొరకడం కూడా తేలిక కాదు. అయినప్పటికీ ఒక్క సంగతి గమనార్హం. గిబ్సన్ ఆట స్తంభించిన కొద్ది వారాలలోనే మరికొందరు అదే చోటికి చేరారు. ముప్పై నాలుగేళ్ళు ఎవరూ దాటని చోటు అది. దారి తెలిసిన తరువాత వారాలలో పని.

ఆర్టియాగా సంగతి చెబుతామన్నాము. ఆటలో అంచెల సంఖ్యను దాచే చోటు 255 వరకే పట్టుతుంది. ఆ తరువాత అది మళ్ళీ సున్నాకు తిరుగుతుంది. అక్కడికి చేరడాన్ని ఆటగాళ్ళు పునర్జన్మ అని పిలుస్తారు. అసలు ప్రతిలో నడుమనే గడ్డకట్టే ప్రమాదం ఉంది గనుక, ఆ లోపాన్ని తొలగించిన ప్రతిపై అతడు ఆడాడు, ఆ మాట దాచకుండా చెప్పి మరీ ఆడాడు. దారిలో 235వ అంచె ఒక ఎడారి. లెక్కలోని మరొక పొరపాటు వల్ల పది వరుసలకు బదులు 810 వరుసలు చెరిపితే గాని అది ముగియదు. ఇరవై తట్ల వేగంతో, గంటకు పైగా కన్నార్పకుండా ఆడిన తరువాత 2024 అక్టోబరు 6న అతని తెరపై అంచె సంఖ్య 255 నుండి సున్నాకు మారింది. ముక్కలు ఒక్కసారిగా నెమ్మదించాయి, మొదటిసారి ఆట నేర్చుకునే పిల్లవాని ముందు జారినట్లుగా. ప్రపంచంలో అందరికంటె వేగంగా ఆడుతున్న ఆ పదహారేళ్ళ కుర్రవాడు ఒక్కొక్క ఇటుక తీరిగ్గా క్రిందికి దిగేవరకు ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చింది.